ఉత్తరాంధ్ర రవాణా రంగ ఉద్యోగాలు – వేతనాలు, పని పరిస్థితులు

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో రవాణా రంగం అనేక కుటుంబాలకు జీవనాధారము. ఇచ్ఛాపురం నుండి భోగాపురం మీదుగా సాగే 16వ జాతీయ రహదారి, విజయనగరం మీదుగా సాలూరు వైపు వెళ్ళే 26వ జాతీయ రహదారి, విజయనగరం జంక్షన్ నుండి పార్వతీపురం మీదుగా రాయపూర్ వెళ్ళే రైలు మార్గం ఇక్కడి ప్రధాన రవాణా మార్గాలు. (2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనతో సాలూరు, పార్వతీపురం, పాలకొండ ప్రాంతాలు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినవి.) ఈ మార్గాలపై పనిచేసే వారి నైపుణ్యం దాదాపు ఒకటే అయినప్పటికీ, యజమాని ఎవరన్న దానిని బట్టి వేతనం, విశ్రాంతి, భద్రత మారుతున్నవి.

ఆర్.టి.సి. సిబ్బంది

ఆర్.టి.సి. సిబ్బంది 2020 జనవరి 1 నుండి ప్రభుత్వోద్యోగులుగా విలీనమై ప్రజా రవాణా శాఖ పరిధిలోనికి వచ్చినారు. 2022లో వీరికి ప్రభుత్వ వేతన స్కేళ్ళు వర్తింపజేయడమైనది. ఆ సవరణలో రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల కనీస మూల వేతనం నెలకు రూ.20,000. దీనికి కరవు భత్యం, ఇంటి అద్దె భత్యం అదనం. అయితే అద్దె బస్సుల విధానం వేరు. కండక్టరు సంస్థ ఉద్యోగి కాగా, డ్రైవరును బస్సు యజమాని నియమించి జీతం చెల్లిస్తారు. ఒకే బస్సులో ఒకే దూరం ప్రయాణించే ఇద్దరికి ఇద్దరు యజమానులు, రెండు రకాల సౌకర్యాలు!

రైల్వే ఉద్యోగులు

2016 జనవరి 1 నుండి అమలైన ఏడవ వేతన సంఘం సిఫార్సుల మేరకు ట్రాక్ నిర్వహణ సిబ్బంది ప్రారంభ మూల వేతనం రూ.18,000గాను, అసిస్టెంట్ లోకో పైలట్‌కు రూ.19,900గాను నిర్ణయించబడినది. రైళ్ళు నడిపే సిబ్బందికి ప్రయాణించిన కిలోమీటర్లను బట్టి ప్రత్యేక భత్యం లభిస్తుంది. 1989 రైల్వే చట్టం ప్రకారం నిరంతర పని తరగతి ఉద్యోగుల పనివేళలు రెండు వారాల సగటున వారానికి 54 గంటలు మించరాదు. పనిలో విరామాలు ఎక్కువగా ఉండే తరగతికి ఈ పరిమితి 75 గంటలు. అనగా ఒకే సంస్థలో సైతం పనివేళలు సమానం కావు.

లారీ, ప్రైవేటు వాహనాల డ్రైవర్లు

1961 మోటారు రవాణా కార్మికుల చట్టం ఐదుగురు లేక అంతకు మించి కార్మికులున్న సంస్థలకు వర్తించినది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని, 5 గంటల పని తరువాత అరగంట విశ్రాంతి, వారాంతపు సెలవు, అదనపు పనికి రెట్టింపు వేతనం అందులోని ముఖ్యాంశాలు. 2025 నవంబరు 21 నుండి దీని స్థానంలో 2020 వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమలులోనికి వచ్చినది. ఈ కోడ్‌లో రవాణా సంస్థలకు కార్మికుల సంఖ్య కనీసం పదిగా నిర్ణయించబడినది. కాగా రెండు మూడు లారీల యజమాని వద్ద డ్రైవర్లు, క్లీనర్లు సాధారణంగా ట్రిప్పు లెక్కన, బత్తాపై పనిచేస్తారు. సరుకు ఎక్కించుటకు, దించుటకు వేచియుండే సమయం ఈ లెక్కలోనికి రాదు.

108 వాహనాలు, ఆటోలు

108 అంబులెన్సుల డ్రైవర్లు నిర్వహణ సంస్థ ద్వారా నియమితులవుతారు. 2020 జూలై 1న 1,088 వాహనాలు ప్రారంభించిన సందర్భంగా వీరి వేతనాన్ని రూ.10,000 నుండి సర్వీసును బట్టి గరిష్ఠంగా రూ.28,000 వరకు పెంచినట్లు ప్రభుత్వం ప్రకటించినది. ఆటో డ్రైవరుకు నెల జీతమంటూ లేదు. ఇంధనం, మరమ్మతులు, బీమా, ఋణ వాయిదా పోగా మిగిలినదే ఆదాయం. 2025 ఆగస్టు 15న మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం కల్పించే స్త్రీ శక్తి పథకం ప్రారంభమైన పిదప, అక్టోబరు 4న ఆటో డ్రైవర్ల సేవలో పథకం క్రింద అర్హులైన సొంత వాహనదారులకు ఏడాదికి రూ.15,000 సాయం ప్రారంభించబడినది. అద్దె ఆటో నడిపేవారు ఇందులోకి రారు.

పోల్చి చూడవలసిన అంశాలు

వేతనాన్ని మాత్రమే చూసినచో పోలిక సరిపోదు. ఉదాహరణకు నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటలు పనిచేసి రూ.18,000 పొందే డ్రైవరుకు గంటకు సుమారు రూ.87 లభిస్తుంది. అదే 26 రోజులు 12 గంటల చొప్పున పనిచేసి రూ.20,000 పొందే వారికి గంటకు లభించేది సుమారు రూ.64 మాత్రమే. పైకి అధికంగా కనిపించే జీతమే వాస్తవానికి తక్కువ!

కావున ఉద్యోగంలో చేరే ముందు నియామక పత్రం, పనివేళలు, వారపు సెలవు, భవిష్యనిధి, ఇ.ఎస్.ఐ. వివరాలను అడిగి తెలుసుకొనుట అవసరం. పది మంది లేక అంతకు మించి పనిచేసే రవాణా సంస్థలలో నెలకు రూ.21,000 వరకు వేతనం పొందేవారు ఇ.ఎస్.ఐ. వైద్య సదుపాయానికి అర్హులు. ఆటో డ్రైవర్లు, చిన్న యజమానుల వద్ద పనిచేసే అసంఘటిత కార్మికులు 2021 ఆగస్టులో ప్రారంభమైన ఇ-శ్రమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకొనవచ్చును. పనివేళలు, వేతన బకాయిలపై ఫిర్యాదులను కార్మిక శాఖ అధికారుల దృష్టికి తీసుకొనిపోవచ్చును.