ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజి పుట్టుక

పట్టణములోని కార్యాలయమున వరుసలో నిలిచి పేరు వ్రాయించుకొని, చిన్న కార్డు చేతబట్టుకొని ఇల్లు చేరిన జ్ఞాపకము మన కుటుంబములలో పెక్కింటికి కలదు. ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజి యనగానే మనకు తోచువాడు చదువు ముగించిన కుర్రవాడు. కాని ఆ సంస్థ పుట్టినది వాని కొరకు కాదు. ఒక పని ముగిసి వేరొక పని వెదకుకొనవలసి వచ్చిన పెద్దవారి కొరకు.

రెండవ ప్రపంచ యుద్ధము ముగియు నాటికి భారత సైన్యమున 20 లక్షలకు మించిన జనముండిరి. నిర్బంధముచే గాక, తమంత తాము చేరినవారు. అందు పెక్కుమందిని ఇండ్లకు పంపవలసి వచ్చెను. యుద్ధ సామగ్రి కర్మాగారములలోని పనివారి గతియు నంతియే. వీరికి జీవనోపాధి చూపుటకై 1945 జూలైలో పునరావాసమునకు, ఉద్యోగములకు ఒక డైరెక్టరేటు జనరల్ ఏర్పడెను. ఎక్స్ఛేంజీలు దాని క్రిందనే వెలసెను.

అచటి పద్ధతి చెప్పుటకు సులభము. వచ్చినవాని వయస్సు, చదువు, చేసిన పని కార్డుపై వ్రాసికొందురు. ఖాళీ తెలియవచ్చినపుడు తగిన కార్డులు తీసి ఆ పేర్లు యజమానికి పంపుదురు. చిక్కంతయు 'చేసిన పని' యను చోటనే కలదు. సైన్యమున లారీ నడపినవాడు ఊరిలోను లారీ నడపగలడు. ఇంజను బాగుచేసినవానికిని త్రోవ దొరకును. ఫిరంగి ప్రేల్చినవాని విద్యకు ఊరిలో ఏ పేరు పెట్టవలెను? ఏండ్ల తరబడి ప్రాణమొడ్డి నేర్చినది గుమాస్తా బల్లయొద్ద ఏ పనికిని రానిదగుట కంటె కష్టమేమున్నది? అట్టివారికి చేతిపని నేర్పు ఏర్పాట్లును ఆనాడే కొన్ని జరిగెను. మన దేశపు వృత్తులకు పేర్లును అంకెలును కూర్చిన జాతీయ వర్గీకరణము మాత్రము 1958లో గాని వెలువడలేదు.

1947లో దేశ విభజనతో శరణార్థులు వచ్చిరి. నిన్నటి దుకాణదారు నేడు కొలువు వేడవలసిన వాడయ్యెను. 1948లో ఎక్స్ఛేంజి తలుపులు అందరికిని తెరచిరి. శివరావు కమిటీ సూచన ననుసరించి 1956 నవంబరు 1న వీని నిర్వహణము రాష్ట్రములకు సంక్రమించెను. ఆంధ్ర ప్రదేశ్ అవతరించినదియు ఆనాడే యగుట గమనింపదగినది.

1959 నాటి చట్టము 1960 మే 1 నుండి అమలులోనికి వచ్చెను. ప్రభుత్వ సంస్థలును, 25 మంది గాని అంతకు మించి గాని పనివారు గల ప్రైవేటు సంస్థలును ఖాళీలను ఎక్స్ఛేంజికి తెలుపవలెనని దాని శాసనమై యుండెను. తెలుపవలెనే గాని, ఎక్స్ఛేంజి పంపినవానిని తీసికొనవలెనని అందు లేకుండెను. చట్టమునకు ప్రాణము వంటి చోటనే ఈ లోపము మిగిలినదని మా యభిప్రాయము.

మరియొక బాధయు కలదు. గడువులోపల కార్డు పునరుద్ధరింపనివాడు తన వరుస కోల్పోవును. కుటుంబ భారముచే కొన్నేండ్లు పని మాని తిరిగి రాదలచిన స్త్రీకి ఈ నియమ మెంత కఠినమో చెప్పనక్కరలేదు. కృష్ణా జిల్లా ఆబ్కారీ సూపరింటెండెంటు కార్యాలయమునకు సంబంధించిన వ్యాజ్యమున 1996లో సుప్రీం కోర్టు, ఎక్స్ఛేంజి పంపిన పేర్లతోనే సరిపుచ్చరాదనియు, పత్రికలలోను ప్రకటింపవలెననియు చెప్పెను. ఆ తీర్పున రేడియో పేరును కలదు. మాకు సంతోషము కలిగించిన సంగతి యది.

2015లో జాతీయ కెరీర్ సర్వీసు ఆరంభమై, పేరు నమోదు కంప్యూటరు ద్వారా జరుగుటకు వీలు కలిగెను. పునరావాస మను మాట ఈ శాఖ పేరునుండి ఏనాడో తొలగినది. సైన్యము వీడినవారి కొరకు రక్షణ శాఖ క్రింద వేరొక డైరెక్టరేటు జనరల్ కలదు.