ఒరిగిన గోడ – ఇంటి యజమాని బాధ్యత

ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో వానకు నానిన గోడ బాడుగదారుపై కూలితే, అది విధివ్రాత అని యజమాని తప్పుకోజూడడం వింత కాదు. ఇస్లామీ ధర్మశాస్త్రం మాత్రం ఆ సాకును అంత సులభంగా అంగీకరించలేదు. 1197లో మరణించిన మర్గీనానీ తన 'హిదాయా'లో ఒరిగిన గోడను గురించి ప్రత్యేకంగానే చర్చించాడు.

గోడ దానంతటది ఒరిగింది గనుక, ఖియాస్ ప్రకారం యజమానిపై భారం లేదు. కాని హనఫీ పండితులు ఇస్తిహ్సాన్‌ను అనుసరించారు. పడగొట్టమని హెచ్చరించిన తరువాత, వ్యవధి ఉండీ అతడు ఉపేక్షిస్తే నష్టపరిహారం అతనిపై పడుతుంది. ప్రాణం పోతే దియత్ చెల్లించాలి. సాక్షులను పెట్టుకోవడం రుజువు కోసమే. గోడ ఒక ఇంటివైపు ఒరిగితే, ఆ ఇంటి యజమానే కాదు, అందులో కాపురమున్నవారు కూడా హెచ్చరించవచ్చు. ఇది చిన్న విషయం కాదు. బాడుగకున్నవాని నోటికి ధర్మశాస్త్రం ఇచ్చిన విలువ ఇది. అయితే హెచ్చరిక పడగొట్టే అధికారం గలవానికే చేరాలి. ఒరిగిన గోడ గల ఇంట్లో బాడుగకున్నవానికి చెబితే చెల్లదు.

బాడుగదారు నివసించే ఇల్లే శిథిలమైతే? 1870వ దశకంలో పూర్తయిన ఉస్మానీ 'మజల్లా' ప్రకారం మరమ్మతు యజమాని పని. అతడు చేయకుంటే బాడుగదారు ఇల్లు విడిచిపోవచ్చు. లోపం చూసే చేరినవానికి ఆ హక్కు లేదు. వేరే ఇల్లు దొరకని పేదవానికి ఇది పెద్ద ఊరట కాదనే చెప్పాలి.

ఉదయగిరి 1840 ప్రాంతం వరకు ముస్లిం జాగీరు. చివరి జాగీరుదారును కుట్ర ఆరోపణపై తొలగించారు. 1873 నాటి మద్రాసు సివిల్ కోర్టుల చట్టం ఇస్లామీ న్యాయాన్ని వారసత్వం, వివాహం, మతాచారాల వంటివాటికే పరిమితం చేసింది. గోడ కూలిన తగాదా ఆ గడప దాటలేదు.

ఆ స్థానంలోకి వచ్చిన ఆంగ్ల న్యాయం మరింత ఉదారమా? 1906లో కావలియర్–పోప్ వ్యాజ్యంలో, బాగుచేస్తానని యజమాని మాట ఇచ్చిన నేల కూలి బాడుగదారు భార్య గాయపడింది. ఒప్పందంలో ఆమె లేదని ప్రభువుల సభ పరిహారం నిరాకరించింది! ఇంగ్లండు ఈ లోపాన్ని దిద్దుకోవడానికి అర్ధశతాబ్దం దాటింది.

మన దేశంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను, తనకు తెలిసిన గుప్తలోపాన్ని యజమాని బయటపెట్టాలంటుంది. చేయవలసిన మరమ్మతు నోటీసు తరువాత కూడా చేయకుంటే, బాడుగదారు తానే చేయించి ఖర్చు బాడుగలో మినహాయించుకోవచ్చు. 1951లో ఢిల్లీ చాందినీచౌక్ గడియారస్తంభం కూలి బాటసారులు మరణించగా, 1966లో సుప్రీంకోర్టు కార్పొరేషనునే బాధ్యురాలిని చేసింది. లోపం పైకి కనబడలేదన్న వాదన నిలవలేదు. వీధి పక్కన కట్టడం గలవానిపై ఇక్కడ 'హిదాయా' కంటే బరువు ఎక్కువ. ముందస్తు హెచ్చరికతో కూడా పని లేదు.