బ్రిటన్‌లో నాస్తికుల పట్ల సామాజిక వైఖరి

బ్రిటన్‌లో దేవుణ్ణి నమ్మనివారిని సమాజం చాలాకాలం అనుమానంగా చూసింది. ఉరి, జైలు, కోర్టులో సాక్ష్యం చెప్పే అర్హత పోవడం, కన్నబిడ్డ మీద హక్కు కోల్పోవడం, పార్లమెంటు నుంచి గెంటివేత, ఇవన్నీ ఆ అనుమానం వల్ల జరిగినవే. పైవాడంటే భయం లేనివాడి మాటను నమ్మేదెలా అన్న బెంగ వీటన్నిటి వెనకా కనిపిస్తుంది. అందుకే ఈ చరిత్రలో చర్చి గురించి ఎంత చెప్పుకోవాలో ప్రమాణం గురించీ అంత చెప్పుకోవాలి.

ఇంగ్లండులో ఆంగ్లికన్ చర్చి నేటికీ అధికార మతసంస్థ. దేశాన్నేలే రాజే దానికీ అధిపతి. ఆ ఏర్పాటు అలాగే ఉంది గాని జనం మారారు. 2001 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లలో క్రైస్తవులమని చెప్పుకున్నవారు దాదాపు 72 శాతం. 2021 నాటికి వారు 46.2 శాతానికి తగ్గారు. ఏ మతమూ లేదన్నవారు 37.2 శాతానికి చేరారు. మతం లేదన్న ప్రతి ఒక్కరూ నాస్తికులు కారు. అయినా ఆ మాట జంకు లేకుండా చెప్పగలగడం ఆ దేశంలో పెద్ద మార్పే.

తొలి దశ

1697 జనవరి 8న ఎడిన్‌బరోలో థామస్ ఐకెన్‌హెడ్ అనే 20 ఏళ్ల విద్యార్థిని ఉరితీశారు. దైవదూషణ నేరానికి బ్రిటన్‌లో ఉరికంబమెక్కిన చివరి మనిషి అతడే. తోటి విద్యార్థులతో బైబిలును తేలిక చేసి మాట్లాడాడన్నది నేరారోపణ. చలి వణికిస్తున్న ఒక సాయంత్రం, నరకంలో ఉంటే వెచ్చగానైనా ఉండేదని అన్నాడట. సాక్ష్యం చెప్పినవారు అతని స్నేహితులే. తప్పయిందని మొరపెట్టుకున్నా ప్రాణం దక్కలేదు. కుర్రతనపు మాటకు ప్రాణం తీసిన ఆ తీర్పును ఆనాటి కాలం అలాంటిదని సరిపెట్టుకోవడం కుదరదు. అప్పట్లోనే దాన్ని తప్పుబట్టినవారున్నారు.

దానికి 8 ఏళ్ల ముందు, 1689లో వెలువడిన తన లేఖలో తత్వవేత్త జాన్ లాక్ పరమత సహనం కోసం గట్టిగా వాదించాడు. కానీ నాస్తికులను ఆ సహనం నుంచి మినహాయించాడు. మాట, ఒప్పందం, ప్రమాణం వీటితోనే సమాజం నిలబడుతుందని, దేవుడు లేడనేవాణ్ణి ఇవేవీ కట్టడి చేయలేవని అతని వాదన. ఉదారవాదానికి ఆద్యుడనిపించుకున్న మనిషే అలా అనడంతో ఆ అనుమానానికి గౌరవం వచ్చింది. తర్వాత రెండు వందల ఏళ్లు జడ్జీలు, ఎంపీలు అదే మాటను తిప్పితిప్పి చెప్పారు.

పెద్దింటి సందేహం, పేదవాడి నేరం

18వ శతాబ్దంలో మతాన్ని సందేహించిన తత్వవేత్త డేవిడ్ హ్యూమ్‌కు విశ్వవిద్యాలయ పదవి అందకపోయినా, ఇంగ్లండ్, ఫ్రాన్స్ పెద్దమనుషుల ఇళ్లలో మర్యాదకు లోటు రాలేదు. ఖరీదైన గ్రంథాల్లో ఉన్నంతకాలం సందేహాన్ని ఓర్చుకున్నారు. బైబిలును విమర్శిస్తూ థామస్ పెయిన్ రాసిన 'ది ఏజ్ ఆఫ్ రీజన్' చవక ప్రతిగా కార్మికుల చేతికి వచ్చేసరికి ప్రభుత్వం ఉలిక్కిపడింది. దాన్ని అచ్చువేసినందుకు రిచర్డ్ కార్లైల్ 1819లో జైలుపాలై, ఆరేళ్లు డార్చెస్టర్ జైల్లోనే ఉన్నాడు. దుకాణం నడిపినందుకు భార్యను, ఆమె తర్వాత చెల్లెలిని కూడా జైల్లో వేశారు. తర్వాత స్వచ్ఛందంగా వచ్చిన గుమాస్తాలు ఒకరి వెనక ఒకరు అరెస్టయ్యారు. అమ్మినవాడెవడో గుర్తుపట్టే వీల్లేకుండా వాళ్లు ఒక ఉపాయం పన్నారు. గోడకు గడియారం ముఖంలాంటి పలక, దాని మీద పుస్తకాల పేర్లు. కొనేవాడు ముల్లును కావలసిన పేరు దగ్గరికి తిప్పి డబ్బులు వేస్తే లోపలి నుంచి పుస్తకం జారి పడేది.

1811లో నాస్తికత్వం మీద కరపత్రం వేసినందుకు కవి షెల్లీని ఆక్స్‌ఫర్డ్ నుంచి పంపేశారు. 1817లో కోర్టు అతని పిల్లలను అతనికి అప్పగించలేదు. 1842లో జార్జ్ జేకబ్ హోల్యోక్ చెల్టన్‌హామ్‌లో ఉపన్యసిస్తుండగా దేవుడి సంగతేమిటని సభలో ఒకరు అడిగారు. దేశం ఇంత పేదరికంలో ఉండగా దేవుణ్ణి పోషించే స్తోమత లేదని, ఖర్చు తగ్గించుకోవడానికి దేవుడికి సగం జీతం చాలని అతను జవాబిచ్చాడు. ఆరు నెలల శిక్ష పడింది. అతను జైల్లో ఉండగానే పసికూతురు చనిపోయింది. 'సెక్యులరిజం' అన్న మాటను 1851లో వాడుకలోకి తెచ్చింది ఈయనే.

కార్న్‌వాల్‌లో బావులు తవ్వుకుని బతికే థామస్ పూలీకి 1857లో 21 నెలల శిక్ష పడింది. ఒక గేటు మీద క్రైస్తవాన్ని దూషించే మాటలు రాశాడన్నది అతని నేరం. మతి స్థిమితం లేదని తేలడంతో కొన్ని నెలలకు క్షమాభిక్ష పెట్టి వదిలారు. 1859లో జాన్ స్టువర్ట్ మిల్ తన 'ఆన్ లిబర్టీ'లో ఈ ఉదంతాన్ని ఎత్తిచూపాడు. నమ్మకం లేదన్నందుకు కోర్టులు సాక్షులను, జ్యూరర్లను పంపేస్తున్నాయని కూడా రాశాడు. నమ్మకం లేకున్నా ఉందని బొంకినవాడి సాక్ష్యం చెల్లుతుంది, లేదని నిజం చెప్పినవాడిది చెల్లదు. అబద్ధాలాడతారన్న భయంతో పెట్టిన నియమం అబద్ధాలకోరునే లోపలికి రానిచ్చిందన్న ఈ వాదనకు ఎవరూ సరైన జవాబివ్వలేదు. అయినా చట్టం వెంటనే మారలేదు. 1861లో రాచ్‌డేల్‌కు చెందిన ఒక నాస్తికురాలు ఇదే కారణంగా సాక్ష్యం చెప్పలేకపోవడంతో దావా వీగిపోయింది. దేవుడి పేరెత్తకుండా సాక్ష్యం చెప్పే వీలు 1869 చట్టంతో గాని రాలేదు.

బ్రాడ్లా పోరాటం

చార్లెస్ బ్రాడ్లా (1833–1891) లండన్‌లో ఒక సామాన్య గుమాస్తా కొడుకు, మాజీ సైనికుడు. 1866లో నేషనల్ సెక్యులర్ సొసైటీ స్థాపించాడు. 1880లో నార్తాంప్టన్ నుంచి ఎంపీగా గెలిచి, దైవప్రమాణానికి బదులు మనస్సాక్షిగా ప్రమాణం చేస్తానన్నాడు. కుదరదన్నారు. పోనీ అందరిలా దైవప్రమాణమే చేస్తానన్నాడు. దేవుణ్ణి నమ్మనివాడి నోట ఆ ప్రమాణం చెల్లదని అదీ అడ్డుకున్నారు. సభ విడిచి వెళ్లనందుకు గడియార స్తంభంలోని గదిలో ఒక రాత్రి నిర్బంధించారు. 1881 ఆగస్టు 3న లోపలికి వెళ్లబోతే పోలీసులు, సభ సిబ్బంది కలిసి మెట్ల మీదుగా ఈడ్చి ఆవరణలోకి నెట్టారు. కోటు చిరిగిపోయింది. బయట అతని అభిమానులు గుంపుగా ఉన్నారు. ఒక్క సైగ చేస్తే గొడవ జరిగేదే. అతను చేయలేదు.

సభ అతణ్ణి తిప్పి పంపిన ప్రతిసారీ నార్తాంప్టన్ ఓటర్లు మళ్లీ గెలిపించి పంపారు. 1881, 1882, 1884 ఉప ఎన్నికల్లోనూ, 1885 సాధారణ ఎన్నికల్లోనూ అతనే గెలిచాడు. నార్తాంప్టన్ బూట్ల తయారీకి పేరుపడ్డ ఊరు. ఓటేసినవారిలో చాలామంది చెప్పులు కుట్టే పనివాళ్లు, వారిలో ఎక్కువమంది క్రైస్తవులే. నాస్తికుల పట్ల సమాజ వైఖరి అంటే జడ్జీల, బిషప్పుల వైఖరి మాత్రమే కాదని ఆ ఊరు చూపించింది. ప్రధాని గ్లాడ్‌స్టన్ పరమ భక్తుడు. అయినా 1883లో నాస్తికులకు దారి తెరిచే బిల్లు తరఫున గొప్ప ప్రసంగం చేశాడు. బిల్లు మూడే మూడు ఓట్ల తేడాతో, 289–292తో ఓడింది. చివరికి 1886 జనవరిలో స్పీకర్ అభ్యంతరాలను పట్టించుకోకుండా ప్రమాణం చేయనిచ్చాడు. బ్రాడ్లా తెచ్చిన 1888 ప్రమాణాల చట్టంతో దైవం పేరు లేని ప్రమాణం పార్లమెంటులోనూ కోర్టుల్లోనూ హక్కయింది. 1891లో అతను మరణశయ్య మీద ఉండగా, 1880 నాటి నిషేధ తీర్మానాన్ని సభ తన రికార్డుల నుంచి కొట్టేసింది.

ఆ ఉద్యమంలో అతనికి తోడుగా నిలిచిన అనీబిసెంట్ చెల్లించిన మూల్యం ఇంకా పెద్దది. కుటుంబ నియంత్రణ పుస్తకం ప్రచురించినందుకు 1877లో ఇద్దరి మీదా విచారణ జరిగింది. మరుసటి ఏడు, తల్లి నాస్తికురాలన్న కారణాన్ని కూడా చూపుతూ కోర్టు ఆమె కూతురిని తండ్రికి అప్పగించింది. తర్వాతి కాలంలో ఆమె దివ్యజ్ఞాన సమాజంలో చేరి ఇండియాకు వచ్చి, 1915లో మదనపల్లెలో కళాశాల స్థాపించారు.

బ్రాడ్లా 1889లో బొంబాయి కాంగ్రెస్ మహాసభకు వచ్చాడు. భారతదేశం తరఫున పార్లమెంటులో మాట్లాడే ఎంపీగా పేరుండటంతో అతని అంత్యక్రియలకు లండన్‌లోని భారతీయులు చాలామంది వెళ్లారు. వారిలో అప్పటి లా విద్యార్థి గాంధీ ఒకరు. తిరుగు ప్రయాణంలో స్టేషన్‌లో ఒక నాస్తికుడు ఒక మతగురువును నిలదీయడం చూసి నాస్తికత్వం మీద తన విముఖత పెరిగిందని గాంధీ ఆత్మకథలో రాసుకున్నారు. ఆయనే యాభై ఏళ్లకు పైగా గడిచాక, నాస్తికుడన్న కారణంతో కాకినాడలో కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్న గోరాను సేవాగ్రాంలో ఆదరించి, వాదించి, మనసిచ్చి విన్నారు.

20వ శతాబ్దం, ఆ తర్వాత

1883లో 'ఫ్రీథింకర్' పత్రిక సంపాదకుడు ఫూట్‌కు దైవదూషణ కేసులో ఏడాది శిక్ష పడింది. అయితే అదే ఏడాది అతని మీదే నడిచిన మరో కేసులో, మర్యాదగా రాస్తే మత మూలాలను కాదనడం నేరం కాదని ప్రధాన న్యాయమూర్తి కోల్‌రిడ్జ్ చెప్పాడు. 1857లో పూలీ మీద ప్రభుత్వం తరఫున వాదించింది ఈ కోల్‌రిడ్జే. దైవదూషణకు జైలుకెళ్లిన చివరి వ్యక్తి జాన్ విలియం గాట్. 1921లో అతనికి తొమ్మిది నెలల కఠిన శిక్ష పడింది.

ఆ తర్వాత భయం కోర్టుల నుంచి ఇళ్లలోకి మారింది. 1955 జనవరిలో అబర్డీన్ విశ్వవిద్యాలయ మనస్తత్వశాస్త్ర అధ్యాపకురాలు మార్గరెట్ నైట్, మతం లేకుండానే పిల్లలకు నీతి నేర్పవచ్చని బీబీసీ రేడియోలో మాట్లాడారు. పత్రికలు విరుచుకుపడ్డాయి. ఒక ఆదివారం పత్రిక ఆమె ఫొటో పెద్దగా వేసి, చూడ్డానికి మామూలు ఇల్లాలిలా ఉన్నా ప్రమాదకారి అని హెచ్చరించింది.

నేడు నాస్తికత్వం పదవికి అడ్డు కాదు. 2024లో ప్రధాని అయిన కియర్ స్టార్మర్ తనకు దైవవిశ్వాసం లేదని ముందే చెప్పారు. దైవదూషణ నేరాన్ని ఇంగ్లండ్, వేల్స్‌లలో 2008లో రద్దు చేశారు. స్కాట్లండ్‌లో రద్దు చట్టం 2021లో వచ్చింది. ఉత్తర ఐర్లాండ్‌కు ఈ రద్దులు వర్తించలేదు. ఇస్లాంను వదులుకున్నవారికి మాత్రం బ్రిటన్‌లోనే ఇంటా వాడా వెలి, బెదిరింపులు తప్పడం లేదు. అలాంటివారు 2007లో ఎక్స్ ముస్లిమ్స్ మండలి ఏర్పాటు చేసుకున్నారు.

చట్టంలో పాత ఏర్పాట్లు కొన్ని మిగిలే ఉన్నాయి. లార్డ్స్ సభలో 26 మంది బిషప్పులకు హోదా రీత్యా సీట్లున్నాయి. ఇంగ్లండ్ ప్రభుత్వ పాఠశాలల్లో రోజూ సామూహిక ప్రార్థన తప్పనిసరి, వద్దనుకున్న తల్లిదండ్రులు పిల్లలను మినహాయించుకోవచ్చు. మతం లేని మానవవాద వివాహాలకు స్కాట్లండ్‌లో 2005 నుంచి, ఉత్తర ఐర్లాండ్‌లో 2018 నుంచి చట్టబద్ధత ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇప్పటికీ అలా పెళ్లి చేసుకున్న జంట రిజిస్ట్రార్ దగ్గర విడిగా మరోసారి పెళ్లి చేసుకోవాలి.