చిట్టాకెక్కని నష్టం

2001 జనవరి 16 రాత్రి 'జెస్సికా' అనే చమురు ఓడ పసిఫిక్ మహాసముద్రంలోని గాలాపగోస్ దీవుల్లో, సాన్ క్రిస్టోబాల్ రేవు ముంగిట నేల తట్టి నిలిచిపోయింది. డార్విన్ 1835లో సంచరించిన దీవులివి. ఈక్వడార్ దేశానికి చెందినవి. కొద్ది రోజుల్లోనే ఓడలోని డీజిలు, చిక్కటి ఓడ ఇంధనం లక్షల లీటర్ల కొద్దీ సముద్రం పాలయ్యాయి. అయితే గాలీ, నీటివాలూ అనుకూలించి చాలా భాగం నడిసముద్రంలోకి కొట్టుకుపోయింది. ఒడ్డున చచ్చిపడిన జంతువులు బహు కొద్ది. గండం గడిచిందనే అనిపించింది.

ఆ దీవుల్లో సముద్రపు ఇగువానా అనే సరీసృపం ఉంది. చూడటానికి మన ఉడుములా ఉంటుంది. బల్లిజాతిలో సముద్రంలో మేత మేసేది ఇదొక్కటే. రాళ్లకు పట్టిన నాచే దాని ఆహారం. మార్టిన్ వికెల్స్కీ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ప్రమాదానికి ఎన్నో ఏళ్ల ముందునుంచే వీటి లెక్క రాస్తూ వచ్చారు. చమురు కొద్దిగా మాత్రమే తగిలిన సాంటా ఫే దీవిలో ఏడాది తిరిగేసరికి నూటికి 62 ఇగువానాలు చనిపోయాయి. చమురు చేరని హెనొవేసా దీవిలో అలాంటిదేమీ జరగలేదు. ఈ సంగతి 2002లో 'నేచర్' పత్రికలో వెలువడింది.

అంత కొద్ది చమురుకే ఎందుకు చచ్చాయి? నాచును అరిగించేవి వాటి కడుపులోని సూక్ష్మజీవులు. చమురు ఆ సూక్ష్మజీవులను చంపివుంటుందనీ, మేత మేస్తూనే ఇగువానాలు ఆకలితో మాడిపోయి ఉంటాయనీ ఆ శాస్త్రజ్ఞుల ఊహ.

బ్యాంకులో పనిచేసేవాణ్ణి గనుక నాకిది పద్దుల సంగతిగానే తోచింది. ప్రమాదం జరిగిన నెలకే ఖాతా మూసివుంటే నష్టం స్వల్పమని తేలేది. పాత పద్దులు ఉన్నాయి గనుక, ఏడాదిపాటు ఖాతా తెరిచి ఉంచారు గనుక అసలు నష్టం బయటపడింది.

2017 జనవరి 28న చెన్నై దగ్గర ఎన్నూరు రేవు బయట రెండు ఓడలు ఢీకొని చమురు మన ఒడ్డుకే వచ్చింది. జనం బాల్చీలతో మడ్డి ఎత్తిపోశారు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఆ తీరానికి వచ్చే కాలమది. ఒడిశా నుంచి తమిళనాడు దాకా ఈ తీరాన తరతరాలుగా ఉంటున్న మనం, ఒడ్డు శుభ్రపడిన నాడే లెక్క ముగిసిందనుకోరాదు. చెన్నైలో విద్యార్థులు 1988 నుంచి రాత్రిళ్లు ఇసుకలో నడిచి తాబేళ్ల గుడ్లగుంటలు వెతికి లెక్కిస్తున్నారు. అలాంటి చిట్టా ఉన్నచోటనే, రేపు ఏదైనా తగ్గితే తగ్గిందని తెలుస్తుంది.