నైట్ ఫీడింగ్: పక్కలో పడుకునే పిల్లలకు రాత్రి పాలు మాన్పించాలా..? వేపాకు పసరు అక్కర్లేదు.. పది రాత్రుల పద్ధతి ఇదే!

రాత్రి పదకొండుకు ఒకసారి.. ఒంటిగంటకు ఇంకోసారి.. మూడింటికి, నాలుగున్నరకు మళ్లీ. ఏడాదిన్నర దాటిన పిల్లలు పక్కలో పడుకుని రాత్రంతా పాల కోసం లేస్తుంటే తల్లికి కంటి మీద కునుకుండదు. తెల్లారితే వంట, టిఫిన్ బాక్సులు, ఆపై ఆఫీసు. వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఇలాంటి ఇళ్లు తక్కువేం కాదు. అలసిపోయిన తల్లికి పెద్దవాళ్లు చెప్పే మందు దాదాపు ఒకటే.. వేపాకు నూరి రొమ్ముకు రాయమని. లేదంటే బిడ్డను అమ్మమ్మ దగ్గర వదిలేసి నాలుగు రోజులు కనబడకుండా ఉండమని.

చేదు తగిలితే కొందరు పిల్లలు నిజంగానే మానేస్తారు. కానీ నిన్నటిదాకా ఓదార్చిన చోటే ఇవాళ చేదు ఎందుకైందో ఆ బిడ్డకు అర్థం కాదు. తల్లి కూడా కనబడకపోతే ఆ బెంగ రెట్టింపు. ఇటు తల్లికీ తిప్పలే. బిడ్డ తాగే కొద్దీ పాలు ఊరతాయి. తాగడం ఒక్కసారిగా ఆపేస్తే పాలు గడ్డకట్టి, రొమ్ము రాయిలా మారి జ్వరం వచ్చే ప్రమాదం ఉంది.

అసలు మాన్పించాలా?

తల్లికి ఇబ్బంది లేకపోతే తొందరేం లేదు. మొదటి ఆరు నెలలు తల్లిపాలే, ఆ తర్వాత ఇంటి తిండితో పాటు రెండేళ్ల వరకూ, ఇంకా ఇష్టమైతే ఆ పైన కూడా తల్లిపాలు ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏడాది నుంచి రెండేళ్ల మధ్య బిడ్డకు కావాల్సిన శక్తిలో మూడో వంతు వరకు తల్లిపాల నుంచే అందుతుంది. కాబట్టి రాత్రి పాలు ఆపడమంటే పాలు పూర్తిగా బంద్ చేయడం కాదు. పగలు మామూలుగానే తాగించొచ్చు. ఏడాది నిండని పిల్లల విషయంలో మాత్రం ఈ ప్రయత్నం వద్దు, వాళ్లకు రాత్రి ఆకలి నిజమైన ఆకలే.

ఏడాది దాటాక లెక్క మారుతుంది. నిద్రలో ప్రతి ఒక్కరూ మధ్యమధ్యలో కాస్త తేలుతారు, మళ్లీ మునుగుతారు. రొమ్ము నోట్లో పెట్టుకుని నిద్రపోవడం అలవాటైన బిడ్డ తేలిన ప్రతిసారీ అదే వెతుక్కుంటుంది. పక్కనే తల్లి వాసన, తల్లి వెచ్చదనం. ఇక అడగకుండా ఎలా ఉంటుంది? ఇందులో ఆకలి కంటే అలవాటే ఎక్కువ. రాత్రంతా తాగే పిల్లలు కొందరు పగలు అన్నం ముట్టరు. పాలలో ఐరన్ తక్కువ కాబట్టి తిండి తగ్గితే రక్తహీనత వస్తుంది. పళ్లు వచ్చిన పిల్లల్లో రాత్రంతా పాలు తాగే అలవాటు పుచ్చు పళ్లకు కూడా ఓ కారణం అవుతుంది.

ముందు పగటి పూట సంగతి

రాత్రి తగ్గించాలంటే పగలు కడుపు నింపాలి. సాయంత్రం ఆడుకుని వచ్చాక ఒకసారి పాలు, ఏడున్నర ఎనిమిది మధ్య పెసరపప్పు కిచిడీలో నెయ్యి వేసి, లేదా పప్పన్నం, ఉడికించిన గుడ్డు. అంగన్‌వాడీలో ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు ఇచ్చే బాలామృతం ఇంట్లో ఉంటే సాయంత్రం అదీ పనికొస్తుంది. చాలా ఇళ్లలో ఆ ప్యాకెట్ పెద్దవాళ్ల నోట్లోకి పోతుంది, అది వేరే కథ! తిన్నాక పళ్లు తోమి, దీపం తగ్గించి, పడుకునే ముందు చివరిసారి పాలు. ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. ఫోన్ చూపిస్తూ పదింటి దాకా మేల్కొల్పితే ఏ పద్ధతీ పనిచేయదు.

పది రాత్రులు ఇలా..

అమెరికాలో పిల్లల డాక్టర్ జే గోర్డన్ తల్లిదండ్రుల పక్కలోనే పడుకునే పిల్లల కోసం ఒక పద్ధతి చెప్పారు. మన ఇళ్లలో పక్క ఎలాగూ ఒకటే కాబట్టి ఇది బాగా సరిపోతుంది. ఇంట్లో అందరికీ నిద్ర ముఖ్యమైన ఏడు గంటలు ఎంచుకోవాలి. ఉదాహరణకు రాత్రి 11 నుంచి ఉదయం 6. ఆ సమయానికి ముందూ తర్వాతా ఎప్పటిలాగే పాలు.

మొదటి మూడు రాత్రులు లేచినప్పుడు పాలివ్వాలి కానీ కొద్దిసేపే. బిడ్డ పూర్తిగా నిద్రలోకి జారకముందే తీసేసి, వీపు నిమురుతూ పడుకోబెట్టాలి. తర్వాతి మూడు రాత్రులు ఆ ఏడు గంటల్లో పాలుండవు. ఎత్తుకోవచ్చు, హత్తుకోవచ్చు, రెండు గుక్కల నీళ్లు ఇవ్వొచ్చు. మెలకువ ఉండగానే మళ్లీ పక్క మీద వేయాలి. చివరి నాలుగు రాత్రులు ఎత్తుకోవడం కూడా తగ్గించి జోకొట్టడం, చిన్నగా మాట్లాడటం మాత్రమే.

ఏడుపు ఉంటుంది. నాలుగో రాత్రి అందరికంటే తల్లికే కష్టం. అయితే బిడ్డ చీకట్లో ఒంటరిగా ఏడవడం వేరు, అమ్మ చేతుల్లో ఏడవడం వేరు. ఏడాదిన్నర పిల్లలకు మాట అర్థమవుతుంది కాబట్టి పగలే చెప్పి పెట్టాలి: ‘‘రాత్రి పాలు పండుకుంటయి బిడ్డా.. నువ్వు కూడా పండుకో. తెల్లారినంక తాగుదువు.’’ అదే మాట, రోజూ అదే గొంతుతో. తెల్లారగానే ఆ మాట తప్పకుండా నిలబెట్టుకోవాలి. ఒకరోజు గంట ఏడ్పించి చివరికి పాలిస్తే, గంట ఏడిస్తే దొరుకుతుందని బిడ్డ నేర్చుకుంటుంది.

నాన్న ఏం చేయాలి?

పని సగం నాన్నదే. ఆ పది రోజులు బిడ్డను నాన్న వైపు పడుకోబెట్టి, లేచినప్పుడు ముందుగా ఆయనే జోకొడితే పాల వాసన దూరమవుతుంది. తల్లి మెడ దాకా మూసి ఉండే చొక్కా వేసుకుంటే ఇంకా మంచిది. కాజీపేటలో తెల్లవారుజామునే హైదరాబాద్ రైలెక్కే నాన్నలకు ఇది కష్టమే. అందుకే వరుస సెలవులు చూసుకుని మొదలుపెట్టాలి. అత్తమ్మకు కూడా ముందే చెప్పాలి. లేకపోతే అర్ధరాత్రి పక్క గదిలోంచి ‘‘గంత ఏడుస్తుంటే జర పాలియ్యరాదు!’’ అన్న మాటతో అంతా మొదటికొస్తుంది.

ఎప్పుడు మొదలుపెట్టొద్దంటే.. జ్వరం, విరేచనాలు ఉన్నప్పుడు, పళ్లు వస్తున్నప్పుడు, కొత్తగా డే కేర్‌లో వేసినప్పుడు. ఇల్లంతా చుట్టాలతో నిండే బతుకమ్మ, దసరా రోజుల్లో, మేడారం ప్రయాణం ముందు కూడా వద్దు. ఓరుగల్లు ఎండాకాలంలో పిల్లలు దాహానికీ లేస్తారు, మంచం పక్కన చిన్న గ్లాసులో నీళ్లు ఉంచాలి.

పాలకు బదులు సీసా అలవాటు చేయొద్దు, పళ్లకు అదింకా చేటు. నిద్ర కోసం దగ్గు సిరప్ పోయడం ప్రమాదకరం, అస్సలు చేయొద్దు.

తల్లి జాగ్రత్తలు

రొమ్ములు బరువెక్కితే నొప్పి తగ్గేంత వరకే చేత్తో కొద్దిగా పిండేయాలి, పూర్తిగా పిండితే మళ్లీ అంతే ఊరతాయి. గుడ్డతో బిగించి కట్టొద్దు. చల్లటి తడిగుడ్డ హాయినిస్తుంది. ఒకచోట ఎర్రబడి, వేడిగా, జ్వరంతో ఉంటే ఇంట్లో కూర్చోకుండా డాక్టర్‌కు చూపించాలి. వరంగల్‌లో సీకేఎం, హనుమకొండలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉన్నాయి, ఆశా కార్యకర్తను అడిగినా దారి చెబుతారు. ఇంకో సంగతి. ఇప్పటిదాకా నెలసరి రాని తల్లులకు రాత్రి పాలు తగ్గాక మళ్లీ మొదలవ్వొచ్చు. నెలసరి రాకముందే గర్భం నిలిచే అవకాశం ఉంది కాబట్టి ఆ జాగ్రత్త ముందే తీసుకోవాలి.

ఐదో రాత్రి బిడ్డకు జ్వరం వచ్చిందనుకోండి.. పాలిచ్చేయడమే. తగ్గాక నాలుగైదు రోజులు ఆగి మళ్లీ మొదటి రాత్రి నుంచి మొదలుపెట్టొచ్చు, రెండోసారి సాధారణంగా అంత ఏడుపు ఉండదు.