గుత్తికోయల వలస, హక్కుల ఉద్యమంలో చర్చ

ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ ప్రాంతం నుంచి పాత ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చి స్థిరపడిన గోండీ భాషీయులైన ఆదివాసులను తెలుగువారు గుత్తికోయలు అంటారు. 2005కు ముందు కూడా కొందరు వచ్చేవారు. ఆ ఏడాది మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం అనే సాయుధ దళాల ఉద్యమం మొదలయ్యాక మాత్రం ఊళ్లకు ఊళ్లే ప్రాణభయంతో సరిహద్దు దాటాయి. సాయుధ పోరాటంలోని హింసను హక్కుల సంఘాలు ఎలా చూడాలన్న విషయంపై తెలుగునాట అప్పటికే నలుగుతున్న వివాదానికి ఈ వలస కొత్త పరీక్ష పెట్టింది.

నేపథ్యం

1960ల చివరి నుంచి గోదావరి లోయ అడవులు విప్లవ కమ్యూనిస్టు వర్గాలకు కార్యక్షేత్రం. చండ్ర పుల్లారెడ్డి వర్గం ఇక్కడే బలపడి, తర్వాతి కాలంలో పలు పాయలుగా చీలింది. ఎన్‌కౌంటర్ హత్యలను ప్రశ్నించిన ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘంలో 1990ల్లో తీవ్రమైన చర్చ సాగింది. హింసకు మూలం రాజ్యమేననీ, ప్రజా ఉద్యమాల ప్రతిహింసను దానితో సమానం చేయరాదనీ ఒక పక్షం వాదించింది. ఉద్యమకారుల చేతుల్లో సామాన్యులకు జరిగే అన్యాయాన్ని కూడా హక్కుల సంఘం స్వతంత్రంగా ప్రశ్నించాలని ఆ సంఘ నాయకుడు కె. బాలగోపాల్ వాదించారు. ఆయన, సహచరులు విడివడి 1998లో మానవహక్కుల వేదికను స్థాపించారు. అంతకు ఏడాది ముందే విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ చొరవతో ‘పౌర స్పందన వేదిక’ ఏర్పడి, ప్రభుత్వాన్నీ, నక్సలైట్లనూ సంయమనం పాటించాలని కోరింది. దాని కృషి 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో జరిగిన శాంతిచర్చలకు దారితీసింది. 2005 ఆరంభానికి ఆ చర్చలు విఫలమయ్యాయి.

వలస

2005 జూన్‌లో కాంగ్రెస్ నాయకుడు మహేంద్ర కర్మ ముందుండి నడిపిన సల్వాజుడుంకు ఛత్తీస్‌గఢ్‌లోని రమణ్‌సింగ్ ప్రభుత్వం అండగా నిలిచింది. ఊళ్లను ఖాళీ చేయించి జనాన్ని శిబిరాలకు తరలించారు. ఇళ్లు తగలబెట్టారు. మరోవైపు 2006 జులైలో ఎర్రబోరు శిబిరంపై మావోయిస్టులు జరిపిన దాడిలో 30 మందికి పైగా చనిపోయారు. రెండు వైపులా నలిగిన కుటుంబాలు చింతూరు, చర్ల, దుమ్ముగూడెం తదితర మండలాల అడవుల్లో గుడిసెలు వేసుకున్నాయి. పోడు కొట్టుకుని, మిరప తోటల్లో కూలికి వెళ్లి బతికాయి.

సహాయం, విచారణలు

అంతర్జాతీయ వైద్య సంస్థ ‘మెడిసాన్ సాన్ ఫ్రాంటియర్’ 2006 నుంచి సరిహద్దు పల్లెల్లో సంచార వైద్యశిబిరాలు నడిపి మలేరియాకు చికిత్స అందించింది. శాంతా సిన్హా అధ్యక్షతన ఉన్న జాతీయ బాలల హక్కుల కమిషన్ 2007 డిసెంబరులో దంతెవాడ, ఖమ్మం జిల్లాల్లో పర్యటించి పిల్లల చదువు, ఆరోగ్యం గురించి నివేదిక ఇచ్చింది. పౌరహక్కుల సంఘాల సంయుక్త బృందం, స్వతంత్ర పౌరుల బృందం 2006లో వేర్వేరుగా నివేదికలు వెలువరించాయి. మావోయిస్టుల హింసను ఎంత గట్టిగా విమర్శించాలన్న దానిపై ఏకాభిప్రాయం లేకపోయినా, సల్వాజుడుంను ఆపాలన్న మాటపై అందరూ కలిశారు.

నందినీ సుందర్, రామచంద్ర గుహ, ఇ.ఎ.ఎస్. శర్మ వేసిన పిటిషన్‌పై జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం 2011 జులై 5న తీర్పునిచ్చింది. ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి మావోయిస్టులపై పోరుకు వాడటం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది.

అనంతర స్థితి

అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికే వర్తిస్తుంది. ఎస్టీ జాబితాలు రాష్ట్రాల వారీగా ఉంటాయి. ఈ రెండు కారణాల వల్ల వలస వచ్చినవారికి పట్టా, కులధ్రువీకరణ అందని ద్రాక్షలయ్యాయి. అటవీశాఖ ఖాళీ చేయించడం, స్థానిక కోయలతో భూమి తగాదాలు కొనసాగాయి. 2022 నవంబరు 22న చండ్రుగొండ మండలంలో పోడు వివాదంలో ఒక అటవీ రేంజి అధికారి హత్యకు గురయ్యారు. ఆ తర్వాత మొత్తం గుత్తికోయలనే వెళ్లగొట్టాలన్న డిమాండ్లు వచ్చాయి. ఒకరి నేరానికి జాతినంతటినీ శిక్షించడం న్యాయం కాదు.

2014లో చింతూరు వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలవడంతో వీరి ఆవాసాలు రెండు తెలుగు రాష్ట్రాల మధ్య చీలిపోయాయి. వీరికి పునరావాసం కల్పించే బాధ్యత ఈ రెండు రాష్ట్రాలతో పాటు ఛత్తీస్‌గఢ్‌, కేంద్ర ప్రభుత్వాలది కూడా.