పాత నాణెం విలువ ఎక్కడుంది?

పాత నాణెం చేతికొస్తే ఎవరైనా మొదట అడిగేది ఒకటే: దీనికెంత వస్తుంది? కంసాలి తూకం వేసి లోహం ధర చెబుతాడు. నాణేలు సేకరించేవాళ్లు అది అరుదైనదా, అచ్చు అరగకుండా ఉందా అని చూసి ఇంకో ధర చెబుతారు. రెండు లెక్కలూ తప్పు కావు గానీ, రెండూ నాణేన్ని ఒంటరిగానే చూస్తాయి. అది ఏ ఊళ్లో, ఏ లోతున, ఏ నాణేల మధ్య దొరికిందో వాటికి అక్కర్లేదు. దక్కను చరిత్ర మట్టుకు చూస్తే, నాణెం విలువలో పెద్దపాలు ఆ వదిలేసిన సంగతుల్లోనే ఉంది.

1906లో నాసిక్ జిల్లా జోగల్‌తంబిలో 13 వేలకు పైగా వెండి నాణేలు ఒకేచోట బయటపడ్డాయి. అన్నీ క్షహరాత రాజు నహపానుడు వేయించినవే. ఒకవైపు రాజు ముఖం, చుట్టూ గ్రీకు అక్షరాలు. అయితే వాటిలో మూడింట రెండు వంతుల నాణేల మీద మరో అచ్చు పడింది: మూడు కమానుల కొండ గుర్తు, వెనకవైపు ఉజ్జయిని గుర్తు, శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి పేరు. కొన్నిటిలో కొండ అంచు కింద నహపానుడి ముక్కూ చెవీ ఇంకా కనిపిస్తాయి. నాసిక్ గుహలో గౌతమి బాలశ్రీ వేయించిన శాసనం తన కొడుకు గౌతమీపుత్రుడు క్షహరాత వంశాన్ని నిర్మూలించాడని చెబుతుంది. కొడుకు గురించి తల్లి చెప్పిన మాట కాబట్టి పొగడ్త కావచ్చునని ఎవరైనా అనుమానించవచ్చు. ఆ అనుమానాన్ని తీర్చింది ఈ నాణేలే. తిరగముద్ర పడ్డ నాణెం ఒక్కటి దొరికినా యుద్ధం జరిగిందని ఊహించవచ్చు. కానీ ఓడిన రాజు డబ్బును గెలిచిన రాజు వేల సంఖ్యలో తన పేరిట చలామణీకి తెచ్చాడనీ, అచ్చు మారనివి కూడా వాటితో కలిసే ఉన్నాయనీ తెలిసింది కుప్పను కుప్పగా లెక్కపెట్టినందువల్లే. విడివిడిగా అమ్ముడైపోయి ఉంటే ఆ నిష్పత్తి మనకు దక్కేది కాదు.

ఇంతకన్నా గట్టి ఉదాహరణ గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలది. శాతవాహనుల తొలి శాసనాలు నాసిక్, నానాఘాట్‌లలో ఉన్నందున వాళ్లది పడమటి దక్కను అని చాలాకాలం వాదించారు. పాత కరీంనగర్ జిల్లాలోని ఈ ఊళ్లో చిముక శాతవాహనుడి పేరున్న నాణేలు దొరికాయి. పురాణాలు ఆంధ్రరాజుల్లో మొదట చెప్పే శిముకుడు ఇతడేనంటూ చరిత్రకారుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటిని వెలుగులోకి తెచ్చాక ఆ వాదన మళ్లీ మొదటికొచ్చింది. నాణేలు ఊళ్లు తిరుగుతాయి, దొరికినచోటల్లా రాజ్యం ఉన్నట్టా అన్నది దీనికి వచ్చే ఆక్షేపణ. న్యాయమైన ప్రశ్నే. నల్గొండ జిల్లా అక్కంపల్లిలో రోమన్ వెండి నాణేలు దొరికాయి. అంతమాత్రాన అక్కడ రోము రాజ్యం చేయలేదు. అయితే వెండిని ఎక్కడైనా తూచి తీసుకుంటారు. కోటిలింగాలలో దొరికినలాంటి నాసిలోహపు నాణేన్ని ఆ రాజు మాట చెల్లే మేరలోనే తీసుకుంటారు, కాబట్టి అది దూరం పోయే అవకాశం తక్కువ. పైగా గోబద, నారన, కంవాయస, సమగోప అనే స్థానిక రాజుల నాణేలు కూడా ఇక్కడే దొరికాయి. శాతవాహనులకు ముందు ఈ చోట ఎవరు ఏలారో చెప్పే వరస అది. శిముకుడు ఇక్కడే పుట్టాడని ఇది రుజువు చేయదు. అతని ఏలుబడి గోదావరి నడిమి తీరాన ఉందని మాత్రం గట్టిగా చెబుతుంది. ఆ నాణేలను ఊరి పేరు లేకుండా పెట్టెలో పోస్తే ఈ వాదనకు ఆధారమే లేదు.

సేకర్తలు కొనకపోతే ఇవన్నీ మూసలో కరిగిపోయేవి కదా అని అడగవచ్చు. నిజమే, చాలా నాణేలు వాళ్లవల్లే మిగిలాయి. చిక్కంతా నాణెం దొరికినవాడి దగ్గర మొదలవుతుంది. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం 10 రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. ఆనాటి రూపాయి తులం బరువు వెండి బిళ్ల, అంటే అప్పట్లో హద్దు పది తులాల వెండి విలువ. ఆ నిధిని ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహం విలువ, దానిమీద ఐదోవంతు చెల్లించాలి. ఆ లెక్కన ఒక సీసపు నాణేనికి దక్కేది దాదాపు శూన్యం. అందుకే రైతు దాన్ని వ్యాపారికి అమ్ముతాడు, వ్యాపారి ఊరి పేరు చెప్పడు, చెబితే అమ్మకమే ఆగిపోవచ్చు. చట్టం కూడా కంసాలి తక్కెడనే నమ్ముకున్నదన్నమాట. దొరికిన చోటును చూపించి, కుండను, కుండలోని నాణేలన్నిటినీ కలిపి అప్పగించినవాడికి లోహంతో నిమిత్తం లేని ప్రతిఫలం ఇవ్వడానికి ఆ చట్టాన్ని మార్చాలి.